పెద్ద బిడ్డ, పాత మచ్చ: ఒక సూత్రము, ఒక అంకె

1916వ సంవత్సరమున న్యూయార్కు మెడికల్ జర్నల్ అను పత్రికలో మూడు పుటల వ్యాసమొకటి అచ్చయ్యెను. వ్రాసినవాడు కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రసూతి శాస్త్రాచార్యుడగు ఎడ్విన్ బ్రాడ్‌ఫర్డ్ క్రాగిన్. వ్యాసమునకు ఆయన పెట్టిన పేరును తెలుగున చెప్పవలెనన్న 'ప్రసూతి వైద్యమున నిదానము' అనవచ్చును. ఆ వ్యాసమును నేడు తెరచి చదువువారు మిక్కిలి అరుదు. కాని అందలి ఒక సూత్రమును మాత్రము ప్రసూతి వైద్యులందరు ఎరుగుదురు. ఒకసారి సిజేరియన్ జరిగిన తల్లికి ఎల్లప్పుడును సిజేరియనే జరుగవలెననునది ఆ సూత్రము. నూరేండ్లు దాటిన పిమ్మట అదియే మన యిండ్లలో "మొదటిది పెద్దాపరేషనైతే రెండోదీ పెద్దాపరేషనే గదా" అను మాటగా వినబడుచున్నది. దానికి తోడు తొమ్మిదవ నెలలో తీసిన స్కానింగు కాగితముపై బిడ్డ బరువు నాలుగు కిలోలని కనబడెనా, ఇక చర్చ ముగిసినట్లే.

ఆ సూత్రమును, ఆ అంకెను విడివిడిగా పరీక్షించుట ఈ వ్యాసము పని.

ఇది ఎక్కడనో జరుగుచున్న వివాదము కాదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమంతట నూటికి 21.5 కాన్పులు సిజేరియన్ మూలమున జరుగగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. తెలంగాణములోని ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే లెక్కించినచో ఆ సంఖ్య 81.5. మన దినపత్రికలు ఈ సంగతిని 'కడుపుకోతలు' అను శీర్షికతో వేయుచుండును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమునకు తెలుగువారు పెట్టుకొన్న పేరును ఒక శస్త్రచికిత్సకు అంటగట్టుట నాకు రుచింపదు. వేళకు చేసిన సిజేరియన్ ఎందరు తల్లులకో నిజమైన కడుపుకోతను తప్పించినది. ఆ మాట అటుండనిండు. మొదటి కాన్పు ఈ విధముగ జరిగిన స్త్రీ రెండవసారి గర్భవతియైనప్పుడు ఎదురగు ప్రశ్నయే ఇచ్చట మన విషయము. ఈ వ్యాసము చదువుచున్న ఉపాధ్యాయులలోను, విద్యార్థుల అక్కలు, వదినెలలోను ఆ ప్రశ్న ఎదుర్కొనువారు తప్పక ఉందురు.

మొదట క్రాగిన్ సంగతి చూతము. ఆయన శస్త్రచికిత్సను మెచ్చుకొనుటకు ఆ వ్యాసము వ్రాయలేదు. పేరులోనే నిదానము ఉన్నది. క్రిమిరహిత శస్త్రచికిత్సా పద్ధతులు స్థిరపడి, ఆపరేషను అనిన వెనుకటి భయము తగ్గి, కొందరు వైద్యులు కత్తిని తేలికగా చేపట్టుచున్న కాలమది. మొదటి కోత కోయుటకు ముందు ఆలోచింపుడని ఆయన తోటి వైద్యులను హెచ్చరించెను. గర్భాశయమును ఎంత జాగ్రత్తగా కుట్టినను, ఆ మచ్చ రాబోవు కాన్పు నొప్పులకు తట్టుకొనునని ఎవరును హామీ యివ్వజాలరు. కనుక ఈనాటి కోత రేపటి కాన్పులకు గూడ వెల కట్టునని ఆయన వాదము. అంతటితో ఆగక, ఈ నియమమునకు మినహాయింపులు పెక్కు కలవని ఒప్పుకొని, సిజేరియన్ తరువాత సహజముగనే ముగ్గురు బిడ్డలను కన్న తన రోగి నొకతెను ఉదాహరించెను.

అనగా ఆ సూత్రము మొదటి కోత ముందు నాటిన కంచె. తరువాతివారు ఆ కంచెను పెరికి రెండవ కాన్పు దారిలో అడ్డముగ పాతిరి. హెచ్చరిక ఆజ్ఞగా మారెను. మినహాయింపుల మాట వెనుకబడిపోయెను. శాస్త్ర వ్యాసములను పూర్తిగా చదువక అందలి ఒక వాక్యమును మాత్రము కంఠస్థము చేసినచో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తోచుట లేదు.

క్రాగిన్ భయపడుటకు కారణము లేకపోలేదు. 1882లో లీప్జిగ్ నగరమున మాక్స్ సేంగర్ అను యువవైద్యుడు గర్భాశయపు కోతను కుట్టుట శాస్త్రీయముగ నిరూపించువరకు ఈ శస్త్రచికిత్స చాలమంది తల్లులకు మృత్యుద్వారముగనే ఉండెను. సేంగర్ తరువాతి దశాబ్దములలో సైతము కోత గర్భాశయపు పై భాగమున నిలువుగా పడెడిది. ఆ భాగము దట్టమైన కండరము. నొప్పులు వచ్చునప్పుడు బిగిసి బిడ్డను క్రిందికి నెట్టునది అదియే. అట్టి చోటనున్న మచ్చ ప్రతి నొప్పికిని గుంజుకొనును. ఇట్టి నిలువు మచ్చ తరువాతి గర్భములో నూటికి నాలుగు మొదలు తొమ్మిది సందర్భములలో విచ్చుకొనునని నేటి అంచనా. ఒక్కొక్కసారి నొప్పులు మొదలగుటకు ముందే విచ్చుకొనును. అట్టి మచ్చ గల తల్లికి క్రాగిన్ సూత్రము నేటికిని శిరోధార్యమే.

కాని 1920 దశాబ్దమున గ్లాస్గో నగరమునందలి మన్రో కెర్ అను వైద్యుడు గర్భాశయపు క్రింది భాగమున అడ్డముగ కోయు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. ఈ క్రింది భాగము పలుచనిది. నొప్పులప్పుడు బిగియదు, సాగును. నెత్తురు తక్కువ పోవును, గాయము బాగుగ అతుకును. వైద్యలోకము ఈ పద్ధతిని అంగీకరించుటకు చాలకాలము పట్టినది గాని నేడు అన్నిచోట్ల మామూలుగ వేయుచున్న కోత ఇదియే. ఈ మచ్చ విచ్చుకొను ప్రమాదము నూటికి ఒకటికన్న తక్కువ. సూత్రము పాతదే, మచ్చ మాత్రము వేరు!

ఇంకొక భేదము గూడ గమనింపదగినది. ఆ రోజులలో పాశ్చాత్య నగరములందలి బీద స్త్రీలకు బాల్యమున రికెట్స్ వ్యాధి సోకి కటి ఎముకలు వంకరపోవుట సామాన్యము. సిజేరియన్‌కు అది ముఖ్య కారణములలో నొకటి. ఇరుకైన కటి రెండవ కాన్పు నాటికి వెడల్పు కాదు గదా! కనుక మరల సిజేరియన్ అనుట తర్కసమ్మతమే. నేడు మొదటి సిజేరియన్‌కు కారణము బిడ్డ అడ్డముగ తిరిగి యుండుట కావచ్చును, పిరుదులు ముందుగ వచ్చుట కావచ్చును, బిడ్డ గుండె చప్పుడు తగ్గుట కావచ్చును. ఇవి రెండవసారి వచ్చి తీరవలెనని లేదు. ముహూర్తము చూచి చేయించుకొన్న సిజేరియన్ సంగతి చెప్పనక్కరలేదు. ఆ ముహూర్తము మరల రాదు.

మచ్చ గల తల్లి సహజ కాన్పునకు యత్నించినచో ఏమగునో లెక్కలు తీసినవారు కలరు. 2004లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో మార్క్ లాండన్ బృందము ప్రకటించిన పరిశీలన ఇందు ప్రసిద్ధము. అట్లు యత్నించిన 17,898 మంది తల్లులలో 73.4 శాతము సహజముగ కనిరి. 124 మందికి, అనగా వెయ్యిమందిలో ఏడుగురికి, గర్భాశయము చీలెను. నెలలు నిండి పుట్టిన బిడ్డలలో 12 మందికి ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతినెను. ముందే నిర్ణయించుకొని మరల సిజేరియన్ చేయించుకొన్న 15,801 మందిలో అట్టి బిడ్డ ఒక్కటియు లేదు.

ఈ అంకెలను ఒక పక్షమువారు "వెయ్యికి 993 మందికి మచ్చ నిలిచినది" అని చదువుదురు. వేరొక పక్షమువారు "పన్నెండు, సున్న" అని చదువుదురు. రెండు పఠనములును అంకెలకు విధేయములే. అమెరికాలో ఈ రెండు పఠనముల మధ్య వైద్యము లోలకమువలె ఊగినది. 1980లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు సభ జరిపి సహజ కాన్పు యత్నమును ప్రోత్సహింపగా, 1996 నాటికి పాత సిజేరియన్ గల తల్లులలో 28.3 శాతము సహజముగ కనుచుండిరి. తరువాత చీలికల వార్తలు, కోర్టు దావాలు, తక్షణ శస్త్రచికిత్సకు సిద్ధముగ నున్న ఆసుపత్రులలోనే యత్నింపవలెనను 1999 నాటి నియమము వచ్చినవి. పదేండ్లలోపల ఆ సంఖ్య పదికి లోపలకు జారెను. ఈ కాలములో తల్లుల శరీరములు మారలేదు, మచ్చలు మారలేదు.

ఇక పెద్ద బిడ్డ. నాలుగు కిలోలు, లేక నాలుగున్నర కిలోలు దాటిన శిశువును వైద్యులు స్థూలశిశువు అందురు. మన దేశమున పుట్టుక బరువు సగటున 2.8 కిలోలు గనుక మనవారు మూడున్నర కిలోలకే "బొద్దుగా ఉన్నాడు" అని మురియుదురు. అదే అంకె స్కానింగు కాగితముపై కనబడినచో అదరిపడుదురు. తల్లి మధుమేహ రోగియైనచో బిడ్డ తలకంటె భుజములు, పొట్ట ఎక్కువ బలియును. అపుడు తల బయటికి వచ్చిన తరువాత ముందరి భుజము తల్లి కటి ముందరి ఎముకకు తట్టుకొని ఆగిపోవచ్చును. అది నిమిషములతో పందెము. తలను లాగవలసి వచ్చినచో మెడనుండి చేతికి పోవు నరముల జాలము సాగి, చేయి చచ్చుబడవచ్చును. ఇట్టి గాయములలో చాల భాగము కొలది నెలలలో నయమగును. కొన్ని జీవితాంతము నిలుచును. భుజము తట్టుకొనిన కాన్పులలో దాదాపు సగము నాలుగు కిలోలకు లోపలి బిడ్డలవే యని గూడ చెప్పవలెను. బరువొక్కటే కారణమైనచో ఇట్లు జరుగదు.

కనుక బరువు ముందుగ తెలిసిన మేలు కలుగును. తెలియునా? స్కానింగు యంత్రము బిడ్డను తూచదు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు మొదలగువానిని కొలిచి, వానిని ఒక సమీకరణమున ప్రతిక్షేపించి బరువును ఊహించును. ఎక్కువగ వాడుకలోనున్న సమీకరణములు 1985లో హ్యూస్టన్ నగరమున ఫ్రాంక్ హాడ్లాక్ బృందము ప్రకటించినవి. వాని ప్రామాణిక విచలనము సుమారు ఏడున్నర శాతము. ఈ మాటకు అర్థమేమో పదవ తరగతి విద్యార్థులే లెక్కకట్టవచ్చును. కాగితముపై 4,200 గ్రాములని ఉన్నదనుకొనుడు. అందు ఏడున్నర శాతము 315 గ్రాములు. మూడింట రెండు వంతుల సందర్భములలో అసలు బరువు 3,885కును 4,515కును నడుమ ఉండును. నూటికి తొంబదియైదు సందర్భములను పట్టవలెనన్న వల ఇంకను విప్పవలెను: 3,570 మొదలు 4,830 వరకు. మొదటిది మామూలు బిడ్డ, చివరిది చాల పెద్ద బిడ్డ. కాగితముపై మాత్రము ఒకే అంకె, అదియు గ్రాములతో సహా! కూరగాయల బండివాడు ఇంత విస్తారమైన తూకమును చూపినచో మనము బేరమాడక వదలము.

ఇందొక సూక్ష్మమున్నది. ఊహ లెక్కగ, వెయ్యిమంది గర్భవతులలో నిజముగ పెద్ద బిడ్డలు 40 మందికే కలరనుకొందము. స్కానింగు ఆ నలుబది మందిలో నూటికి అరువదిమందిని, అనగా 24 మందిని, సరిగ పట్టెననుకొందము. తక్కిన 960 మందిలో నూటికి అయిదుగురిని మాత్రమే పొరపాటున పెద్దవని చెప్పెననుకొందము. చాల మంచి యంత్రమే. అయినను ఆ అయిదు శాతము 48 మంది యగుదురు. "మీ బిడ్డ పెద్దది" అను మాట విన్నవారు మొత్తము 72 మంది. వారిలో మాట నిజమైనవారు 24 మంది, మూడవ వంతు. అరుదైన వస్తువును వెదకునప్పుడు మంచి పరీక్ష గూడ ఇట్లే మోసపుచ్చును. సంభావ్యత పాఠము చెప్పు ఉపాధ్యాయులు పాచికలు, పేకముక్కలు పక్కనబెట్టి ఈ లెక్కను చేయించినచో తరగతిలో నిద్రపోవువాడుండడు.

ఇచ్చటనే ప్రసిద్ధ పరిశీలనలను చదువుటలో ఒక దోషము దొరలుచున్నది. 2003లో పెన్సిల్వేనియా పరిశోధకులు పాత సిజేరియన్ గల 9,960 మంది కాన్పులను బిడ్డ బరువునుబట్టి విభజించి చూచిరి. మునుపెన్నడును సహజముగ కనని తల్లులలో, బిడ్డ నాలుగు కిలోలలోపు ఉన్నచో 68 శాతము సహజ కాన్పు సఫలమయ్యెను. నాలుగున్నర కిలోలు దాటినచో 38 శాతమే. నాలుగు కిలోలు, ఆ పైబడిన బిడ్డలున్న అట్టి తల్లులలో గర్భాశయము చీలుట 3.6 శాతము. ఇవి తేలికగ తీసివేయవలసిన అంకెలు కావు. పెద్ద బిడ్డకును పాత మచ్చకును సంబంధమే లేదనువారికి ఇవి తగిన జవాబు. కాని ఇందలి బరువులు ఎట్లు వచ్చినవి? బిడ్డ పుట్టిన తరువాత తక్కెడలో తూచగా వచ్చినవి. నిర్ణయము తీసికొనవలసిన తల్లి చేతిలో ఆ తూకము లేదు, స్కానింగు ఊహ మాత్రమే ఉన్నది. పుట్టిన బిడ్డలనుండి తీసిన పట్టికను పుట్టబోవు బిడ్డ ఊహపై వేసినచో, కాగితముపై పెద్దవియై తక్కెడలో మామూలువైన బిడ్డలందరును ఆ 38 శాతము వరుసలో కూర్చుందురు. అదే పరిశీలనలో ముందొకసారి సహజముగ కన్న తల్లుల సాఫల్యము ఎంతో మెరుగుగ ఉండెననునది గూడ మరువరాదు. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల, బిడ్డ పెద్దదను అనుమానము ఒక్కదానివలన సహజ కాన్పు యత్నమును నిరాకరింపరాదని చెప్పుట ఇందుచేతనే సమంజసముగ తోచుచున్నది.

రెండవ ప్రసిద్ధ అంకె 3,695. 1996లో అలబామాకు చెందిన డ్వైట్ రౌస్ బృందము అమెరికా వైద్యసంఘ పత్రికలో ఒక గణనను ప్రకటించెను. స్కానింగులో నాలుగున్నర కిలోలు దాటిన బిడ్డలన్నింటిని సిజేరియన్ చేసి తీసినచో, మధుమేహము లేని తల్లులలో ఒక్క బిడ్డకు శాశ్వతమైన చేతి పక్షవాతమును తప్పించుటకు 3,695 సిజేరియన్లు చేయవలసి యుండును. మధుమేహము గలవారిలో 443. ఇది అందమైన వ్యాసము. పెద్ద బిడ్డ అనగనే కత్తి తీయు అలవాటును ఎదుర్కొనుటకు దీనినే అందరును ఉదాహరింతురు. నాకు ఇందు రెండు అభ్యంతరములు కలవు. ఒకటి, లెక్కలోనికి వచ్చినది శాశ్వత పక్షవాతము మాత్రమే. ఆ నిమిషములలో మెదడునకు కలుగు హాని, తల్లికి తగులు గాయములు, ఆమె భయము తక్కెడలో లేవు. రెండవది ఇంకను ముఖ్యము: ఆ గణన మచ్చ గల గర్భాశయమును ఉద్దేశించినది కాదు. మచ్చ లేని తల్లికి సిజేరియన్ అనగా కొత్తగా ఒక మచ్చ. మచ్చ గల తల్లికి సహజ కాన్పు అనగా చీలిక ప్రమాదము. తక్కెడ రెండు పళ్లెములలోను రాళ్లు మారిపోయినవి. అట్టిచోట 3,695 అను అంకెను సహజ కాన్పు పక్షమున సాక్ష్యముగ పిలుచువారు, క్రాగిన్ సూత్రమును రెండవ పక్షమున పిలుచువారికంటె శాస్త్రీయులని చెప్పజాలను.

బిడ్డ మరింత పెరుగకముందే మందులతో నొప్పులు తెప్పించుట మధ్యేమార్గముగ కొందరికి తోచును. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగమున, పెద్ద బిడ్డ అని అనుమానించిన తల్లులకు 37–38 వారములలో నొప్పులు తెప్పింపగా భుజము తట్టుకొనుట తగ్గెను. కాని మచ్చ గలవారికి ఈ దారి నున్నగ లేదు. వాషింగ్టన్ రాష్ట్రములో 20,095 మంది తల్లులనుగూర్చి 2001లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, నొప్పులు తమంతట వచ్చినచో చీలిక వెయ్యికి 5.2; ప్రోస్టాగ్లాండిన్ మందులతో తెప్పించినచో వెయ్యికి 24.5. బిడ్డ భుజమునకు మేలైనది తల్లి మచ్చకు కీడైనది.

మరల సిజేరియన్ చేయించుకొనుటకు గూడ వెల యున్నది. ఆ వెల ఒకేసారి కట్టనక్కరలేదు, అప్పువలె పెరుగును. 2006లో రాబర్ట్ సిల్వర్ బృందము 30,132 సిజేరియన్లను పరిశీలించినది. మాయ (జరాయువు) గర్భాశయపు గోడలోనికి వేళ్లూని ఊడిరాకుండుట రెండవ సిజేరియన్ సమయమున నూటికి 0.31, మూడవదానికి 0.57, నాలుగవదానికి 2.13. మాయ గర్భాశయ ద్వారమునకు అడ్డముగ ఉన్నచో ఇది మరింత భయంకరము: రెండవదానికి 11, మూడవదానికి 40. అట్టి కాన్పులో నెత్తురు వరదవలె పోవును. తరచుగ గర్భాశయమునే తీసివేయవలసి వచ్చును.

పాశ్చాత్య గ్రంథములలో సహజ కాన్పు పక్షమున ఇదియే బలమైన వాదము. దీనిని మన యిండ్లకు తెచ్చునప్పుడు ఒక సవరణ అవసరము. అదే జాతీయ సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతము, తెలంగాణమున 60 శాతమునకు పైబడి, పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. రెండవ సిజేరియన్‌తోనే ఆ ఆపరేషనును ముగించుకొను తల్లికి నాలుగవ సిజేరియన్ అంకెలతో పని లేదు. నలుగురు బిడ్డలు కావలెననుకొను అమెరికా స్త్రీకి ఏ అంకె ప్రాణప్రదమో, ఇద్దరితో చాలించు గుంటూరు స్త్రీకి అది అంత ముఖ్యము కాదు. కాని ఈ వాదమునకు గూడ హద్దున్నది. ఇరువది రెండేండ్ల పిల్ల చేత ఇక చాలని చెప్పించినవారు అత్తమామలో, ఆమెయో తేల్చుకొనవలెను. ఆ బిడ్డలలో ఒకరికి ఏదైన జరిగి మరల తల్లి కాగోరినచో లెక్క మొదటికి వచ్చును.

ఇన్ని అంకెలను తల్లికి చెప్పవలెనా? ఇజ్రాయెల్ వైద్యులు కొందరు 2008లో ప్రకటించిన వ్యాసము పేరే విచిత్రమైనది: బిడ్డ పెద్దదని అనుమానమా, చెప్పకుండుటే మేలు అని దాని భావము. అనుమానము కలిగిన తల్లులకు, బిడ్డ నిజముగ పెద్దదైనను కాకున్నను, సిజేరియన్లు చాల ఎక్కువగ జరిగెననియు, దానివలన బిడ్డలకు మేలు కనబడలేదనియు వారు చూపిరి. పరిశీలన ఆలోచింపదగినదే. పేరును మాత్రము నేను ఒప్పను. ఆ అనుమానము మొదట పుట్టినది వైద్యుని మనసులో. కత్తి ఉన్నది వైద్యుని చేతిలో. చికిత్స కావలసిన చోటు విడిచి తల్లి చెవులు మూయుట ఏమి న్యాయము?

దీనికి ఎదురు సాక్ష్యము స్కాట్లండునుండి వచ్చినది. 1999లో లానార్క్‌షైరున మధుమేహముగల ఒక పొట్టి తల్లి, తన బిడ్డ పెద్దదను దిగులును వైద్యురాలికి పలుమారులు చెప్పుకొన్నది. మధుమేహము గల తల్లులలో భుజము తట్టుకొను ప్రమాదము నూటికి తొమ్మిది పది యని వైద్యురాలికి తెలియును; చెప్పలేదు. చెప్పినచో అందరును సిజేరియన్ కోరుదురనియు, అది తల్లులకు మంచిది కాదనియు ఆమె ఉద్దేశము. కాన్పులో భుజము తట్టుకొన్నది. తల వెలువడిన తరువాత బిడ్డ బయటికి వచ్చుటకు పన్నెండు నిమిషములు పట్టినది. బిడ్డకు మెదడు దెబ్బతిన్నది, చేయి చచ్చుబడినది. క్రింది కోర్టులలో ఓడిన ఆ తల్లి 2015 మార్చిలో బ్రిటిషు సుప్రీం కోర్టున గెలిచినది. పరిహారము 52 లక్షల 50 వేల పౌనులు. మాంట్‌గోమరీ తీర్పుగ పేరొందిన ఆ తీర్పు ప్రకారము, ఒక ప్రమాదమును చెప్పవలెనా వద్దా అనునది వైద్యులకు ఆనవాయితీ యేమి అను కొలతతో తేలదు. ఆ స్థితిలోనున్న తల్లికి అది ముఖ్యమగునా అను కొలతతో తేలును. మన సుప్రీం కోర్టు 2008లో సమ్మతినిగూర్చి ఇచ్చిన తీర్పున పాత బ్రిటిషు కొలతకు దగ్గరగనే నిలిచి, వైద్యులు సాధారణముగ సరియని అంగీకరించు మేరకు సమాచారము చాలుననెను. నాకు మాంట్‌గోమరీ కొలతయే తగినదిగ తోచును. ఆ తల్లికి మచ్చ లేదు. ఉన్నయెడల చెప్పవలసిన మాటలు ఇంకను పెరిగి యుండెడివి.

ఆ మాటలు ఏవి? మొదటిసారి కోయుటకు కారణమేమి, ఆ కారణము మరల ఉన్నదా, మునుపు గాని తరువాత గాని సహజముగ కన్నదా, మధుమేహమున్నదా, ఇంకను బిడ్డలు కావలెనా అనునవి తల్లి వైపువి. మచ్చ విచ్చుకొన్నచో నిమిషములలో కోయగలవారు, మత్తు ఇచ్చువారు, నెత్తురు రాత్రి రెండు గంటలకు గూడ ఉందురా అనునది ఆసుపత్రి వైపుది. ఈ చివరి ప్రశ్నకు లేదని జవాబు వచ్చినచో, తక్కినవన్నియు అనుకూలముగ నున్నను, ఆ చోట యత్నింపకుండుటయే వివేకము. స్కానింగు అంకె ఈ ప్రశ్నలలో ఒకటిగ కూర్చుండవలెను, అధ్యక్షస్థానమున కాదు.

మన దేశపు ఆచారమువలన వచ్చు చిక్కొకటి గ్రంథములలో కానరాదు. మొదటి పురుడు పుట్టింట జరుగును. రెండవది తరచుగ అత్తవారి ఊరనో, ఉద్యోగపు ఊరనో జరుగును. కొత్త వైద్యురాలు చూడగలిగినది పొట్టపై చర్మపు మచ్చను మాత్రమే. చర్మముపై అడ్డముగ కోసి గర్భాశయముపై నిలువుగ కోయుట, చర్మముపై నిలువుగ కోసి గర్భాశయముపై అడ్డముగ కోయుట, రెండును జరుగుచుండును. లోపల ఏ కోత పడినది, ఎందుకు పడినది అను సంగతి మొదటి ఆసుపత్రివారు ఇచ్చిన డిశ్చార్జి కాగితములో ఉండును. ఆ కాగితము పుట్టింటి బీరువాలో, బారసాల ఫోటోల క్రింద ఉండిపోవును. ఏడవ నెల సీమంతమునకు పోయినప్పుడు దానిని వెదకి తెచ్చుకొనవచ్చును. అందు కోత రకము వ్రాసి యుండనిచో ఆ ఆసుపత్రికి పోయి వ్రాయించుకొనుటకు అప్పటికింకను రెండు నెలల వ్యవధి యుండును.